సరదా ఎవరిది? చంక ఎవరిది?

పసిపిల్లల్ని వేసుకుని పెద్ద పెద్ద వినోదాల పార్కులకి వెళ్ళడం తప్పా, ఒప్పా అని మా ఇంట్లో కొన్ని వారాలుగా తగాదా నడుస్తోంది. మా మేడ్చల్ ఇంటి వరండాలో మొదలై, పక్కింటి పిన్నిగారి వంటింటి దాకా పాకి, ఇవాళ మీ గుమ్మంలోకి వచ్చింది. న్యాయం మీరే చెప్పండి. కాకపోతే చెప్పేముందు నా వాదన పూర్తిగా వినండి. ఎంచేతంటే ఈ తగాదాలో నేను మా అబ్బాయి పక్షమూ కాదు, పిన్నిగారి పక్షమూ కాదు. అందుకని ఇద్దరికీ నామీదే కోపం.

సంగతేమిటంటే, సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయికి ఉన్నట్టుండి పిల్లలమీద ప్రేమ పొంగింది. పెద్దదానికి మూడున్నరేళ్ళు, చిన్నవాడికి ఏడాదిన్నర. "పాపం, ఇంట్లో మగ్గిపోతున్నారమ్మా. ఓ రోజంతా సరదాగా తిప్పుకొద్దాం" అన్నాడు. తిప్పడానికి మా మేడ్చల్ చుట్టుపక్కల ఏముంది అనుకునేరు! 2016లో జిల్లా పేరు కూడా సంపాదించుకున్న ఊరు మాది. 2023లో ఎంఎంటీఎస్ రైలు కూడా వచ్చింది. కాస్త దూరంలో కండ్లకోయ అడవిలో ఆక్సిజన్ పార్కుంది. అటు తిరిగితే శామీర్‌పేట చెరువుంది, దాని దగ్గర జింకల పార్కుంది. అవేవీ మావాడికి ఆనలేదు. ఊరికి దూరంగా, ఎకరాలకి ఎకరాలు పరుచుకుని, ఆకాశంలో మెలికలు తిరిగే పట్టాలున్న పార్కు ఒకటి చూసుకున్నాడు. "అదయితే పిల్లలు జన్మలో మర్చిపోరు" అన్నాడు.

ఆ పార్కు పేరు చెప్పను. చెబితే తప్పంతా ఆ ఒక్కచోటే ఉందనుకుంటారు. నేను చెప్పబోయే తప్పు ఏ పార్కుకి వెళ్ళినా మన ఇంట్లోంచే కారెక్కి మనతోబాటు వస్తుంది.

బయల్దేరేది ఏడింటికయితే మా కోడలు నాలుగింటికే లేచింది. ఇడ్లీలు, పెరుగన్నం, మెత్తగా పిసికిన పప్పన్నం, ప్లాస్కులో వేడినీళ్ళు, పాలసీసాలు, డజను డైపర్లు, రెండేసి జతల బట్టలు, జ్వరం మందు, దోమల మందు, టోపీలు, తువ్వాళ్ళు. పిల్లలిద్దరూ కలిసి పదిహేను కిలోలు దాటరు గాని, వాళ్ళ సామాను మాత్రం ముగ్గురు పెద్దమనుషుల కాశీయాత్రకి సరిపోతుంది. మా అబ్బాయి కూడా సర్దుకున్నాడు. ఏమిటంటారా? నల్లకళ్ళద్దాలు.

అన్నట్టు, పదిహేను కిలోలన్నానే, అది నా చేతులు వేసిన లెక్క. కాటా మీద పెడితే ఇరవై అయిదుట. నా చేతులు నామీద జాలిపడి అలా తగ్గించి చెప్పినట్టున్నాయి. మా కోడలి చేతుల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

కండ్లకోయ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కాం. ఊరిచుట్టూ 158 కిలోమీటర్ల రోడ్డు. పెద్దవాళ్ళకది వరమే. ఆగక్కర్లేదు, హారను కొట్టక్కర్లేదు, పాటలు పెట్టుకుని కూర్చుంటే చాలు. ఏడాదిన్నర వాడికి మాత్రం అది సీటుకి కట్టేసిన శిక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు 2019లో అయిదేళ్ళలోపు పిల్లల గురించి కొన్ని సూచనలు ఇచ్చారు. పసివాళ్ళని ఒక్క బిగిన గంటకి మించి కట్టి కూర్చోబెట్టొద్దన్నారు. ఏడాది నుంచి రెండేళ్ళ వాళ్ళకి రోజులో 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళ వాళ్ళకి 10 నుంచి 13 గంటలు నిద్ర ఉండాలన్నారు. పగటి కునుకు కూడా అందులోదే. ఆ లెక్కన ఒక రోజులో సగం నిద్రకే పోయే ప్రాణిని, మిగతా సగం కోసం టిక్కెట్టు కొన్న చోటికి తీసుకెళ్ళామన్నమాట. దారిలో చిన్నవాడు గంటసేపు ఏడ్చి, సరిగ్గా పార్కు గేటు కనబడగానే నిద్రపోయాడు. "చూశావా, చూడగానే శాంతించాడు" అన్నాడు మావాడు.

లోపలికి వెళ్ళాక మొదటి పరీక్ష ఎత్తు కర్ర. ప్రతి రైడు ముందరా ఒక కర్రో, గోడమీద గీతో ఉంటుంది. బిడ్డ తల ఆ గీతని తాకితే సరి, లేకపోతే వెనక్కి. మా పెద్దది గీతకి జానెడు కింద ఉండిపోయింది. "మునివేళ్ళ మీద నిలబడమ్మా, తల ఎత్తమ్మా" అని వాళ్ళ నాన్న నేర్పుతున్నాడు. గేటు దగ్గర కుర్రాడు నవ్వుతూనే కుదరదన్నాడు. మావాడికి రోషం వచ్చింది. "ఇంత డబ్బు పోసి వచ్చాక కర్ర పెట్టి కొలుస్తారేమిటి?" అన్నాడు.

ఇక్కడ నేను పార్కువాళ్ళ పక్షమే. ఆ కర్ర ఎవర్నీ అవమానించడానికి పెట్టలేదు. సీటులో మనని పట్టి ఉంచే కడ్డీ ఫలానా ఎత్తు మనిషికని చేసింది. అంతకంటె చిన్న ఒళ్ళు దాని కిందనుంచి జారిపోవచ్చు. పైగా పుట్టినప్పుడు బిడ్డ పొడవులో నాలుగోవంతు తలే ఉంటుంది. పెద్దవాళ్ళకయితే ఎనిమిదోవంతుకి కాస్త అటూ ఇటూ. పసివాళ్ళకి తల బరువు, మెడ లేత. గిర్రున తిప్పి దబ్బున ఆపితే ఏమవుతుందో ఉయ్యాల ఊపిన ఏ అమ్మమ్మనడిగినా చెబుతుంది. కనక తండ్రులారా, మునివేళ్ళ పాఠాలు మానండి. ఆ కర్ర ఒక్కటే అక్కడ మీ బిడ్డ తరఫున మాట్లాడే వస్తువు.

సరే, పెద్దది ఎక్కకూడదు, చిన్నవాడు సరేసరి. ఇక తరవాతి మాట మీరందరూ ఎరిగిందే. "మరి మీరు ఇక్కడ కాసేపు కూర్చోండి. నేను ఒక్క రౌండు వేసొస్తా."

ఆ ఒక్క రౌండుకి క్యూ యాభై నిమిషాలు. రౌండు రెండు నిమిషాలు. తిరిగొచ్చేసరికి మావాడి జుట్టు రేగిపోయి, కళ్ళు మెరుస్తూ, పదేళ్ళ పిల్లాడిలా ఉన్నాడు. నిజం చెప్పొద్దూ, తల్లిని కదా, చూడ ముచ్చటేసింది. "భలే ఉంది! నువ్వూ ఎక్కాల్సింది" అన్నాడు పెళ్ళాంతో. "ఎక్కుతాను, వీణ్ణి పట్టుకోండి" అంది కోడలు. సరిగ్గా అప్పుడే వీడికి పాలవేళ అయింది. పాలు తాగి పడుకునేసరికి పెద్దదానికి బాత్రూము. అది తెమిలేసరికి అన్నాలవేళ. "ఇప్పుడు క్యూ ఇంకా పెరిగిందిలే. మళ్ళీసారి వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు. అని, రెండో రైడుకి వెళ్ళాడు.

పాలివ్వడానికి కాస్త చాటు ఎక్కడుందని అడిగాం. ఒకాయన అటు చూపించాడు. అటు వెళితే ఇంకొకాయన ఇటు చూపించాడు. చివరికి నా పైటకొంగే గది అయింది, నేనే ద్వారపాలకురాలినయ్యాను.

ఆ బెంచీల మీద కూర్చుని చేసేదేముంది? లెక్కపెట్టాను. చంకన బిడ్డతో, ఒళ్ళో సంచీతో కూర్చున్నవాళ్ళు పధ్నాలుగు మంది. అందులో పదమూడుగురు ఆడవాళ్ళు. పధ్నాలుగో ఆయన్ని పలకరించాను. నడుంనొప్పిట, అందుకని ఎక్కలేదుట. నా పక్కనున్నావిడ కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. "మూడోసారమ్మా నేను రావడం. ఇంతవరకు ఏదీ ఎక్కలేదు. బెంచీలు మాత్రం అన్నీ ఎక్కిన" అంది నవ్వుతూ. అందరం నవ్వాం. నవ్వయ్యాక ఎవరి బిడ్డని వాళ్ళు ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకున్నాం.

పిల్లల సంగతి చెప్పలేదు కదూ. పెద్దది బొమ్మరైలు ఎక్కి మురిసింది. ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషి చెయ్యి ఊపితే దడుచుకుని, సాయంత్రం దాకా నా కొంగు వదల్లేదు. చిన్నవాడు రోజు మొత్తంలో కడుపారా నవ్వింది చేతులు కడుక్కునే కుళాయి దగ్గర. ఆ కుళాయి మా దొడ్లోనూ ఉంది. మా కోడలు ఎక్కిందల్లా రంగులరాట్నం, అదీ పెద్దదాన్ని పడకుండా పట్టుకోవడానికి. ఆవిడ టిక్కెట్టు మాత్రం మావాడి టిక్కెట్టుతో సమానం, పైసా తక్కువ లేదు.

రాత్రి పదింటికి ఇల్లు చేరాం. మర్నాడు పిల్లలిద్దరికీ జలుబు. ఆ తుమ్ములు వినబడగానే పక్కింటి పిన్నిగారు వచ్చేశారు.

"నే ముందే చెప్పానా? అయిదేళ్ళొచ్చేదాకా పిల్లల్ని గడప దాటించకూడదు. మా రోజుల్లో మేం ఎక్కడికైనా వెళ్ళామా? అయినా వాళ్ళకేం గుర్తుంటుందని? ఈ కాలం ఆడపిల్లలకి ఇంట్లో కాలు నిలవదు!"

చూశారా! పార్కుకి వెళదామన్నది మా అబ్బాయి. కాలు నిలవనిది మా కోడలికిట.

పిన్నిగారంటే నాకు గౌరవమే. ఆవిడ పెట్టిన ఆవకాయ తిని పెరిగిన వాడు మా అబ్బాయి. అయినా ఈ మాటలకి జవాబు చెప్పక తప్పదు. ఈ మాటలు ఒక్క పిన్నిగారివే అయితే ఊరుకుందును. ప్రతి వీధిలోనూ ఒక పిన్నిగారున్నారు.

మొదటిది, "మా రోజుల్లో మేం వెళ్ళామా" అన్న మాట. వెళ్ళాం పిన్నిగారూ, భేషుగ్గా వెళ్ళాం. శివరాత్రికి కీసరగుట్ట జాతరకి పొత్తిళ్ళలో బిడ్డలతో వెళ్ళాం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తరవాత నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్‌కి ఏటా వెళ్ళాం. అక్కడ మీ రెండోవాడు తప్పిపోయి, మైకులో పేరు పిలిపించుకున్న సంగతి ఈ వీధంతా ఎరుగును. 1963లో తెరిచిన జూకి, ఏనుగంటే ఏమిటో తెలియని వయసు పిల్లల్ని ఎత్తుకెళ్ళి ఏనుగుని చూపించాం. పసిపిల్లలు జనంలోకి రావడం ఈ కాలం ఆడవాళ్ళు కనిపెట్టిన వింత కాదు.

తేడా ఎక్కడుందంటే చంకల లెక్కలో ఉంది. కీసరగుట్టకి వెళ్ళిన రోజున మా బండిలో అత్తగారు, ఇద్దరాడబిడ్డలు, తోడికోడలు, పెళ్ళికాని మరిది, వరసకి మేనత్త అయ్యే ఓ ముసలావిడ ఉన్నారు. బిడ్డ ఒకరి భుజంమీద గుట్ట ఎక్కి, ఇంకొకరి భుజంమీద దిగేవాడు. నా వంతు వచ్చేసరికి పూసల కొట్టూ చూశాను, చెరుకు ముక్కా తిన్నాను, శివుడికీ దణ్ణం పెట్టుకున్నాను. ఇవాళ కారులో నలుగురో అయిదుగురో ఉంటారు. ఎత్తుకోవాల్సిన వాళ్ళు ఇద్దరు, ఎత్తుకునే చంక ఒక్కటి. జాతర అంతే ఉంది, ఇంకా పెద్దదయింది కూడా. తోడు తరిగిపోయింది. దాన్ని వదిలేసి ఆడపిల్ల కాలి మీద పడతారేమిటి?

రెండోది, "వాళ్ళకేం గుర్తుంటుంది" అన్న మాట. ఇది నిజమే, ఒప్పుకుంటాను. మూడేళ్ళకి ముందు జరిగినవి పెద్దయ్యాక మనలో చాలామందికి గుర్తుండవు. ఈ దెబ్బతో "జన్మలో మర్చిపోరు" అన్న మా అబ్బాయి మాట కూడా పడిపోయింది. అయితే గుర్తుండనిదల్లా పనికిరానిదే అంటే ఎలా? నిన్న పెట్టిన పప్పన్నం వాడికి గుర్తుందా? రాత్రి పాడిన జోల గుర్తుందా? గుర్తుండదని మానేశామా? ఇంతకీ ఆ ఇంట్లో గుర్తుంచుకునే వయసున్న మనిషి ఇంకొకరున్నారు. ఇరవై తొమ్మిదేళ్ళావిడ. ఆవిడకి ఆ రోజు ఏం గుర్తుండాలో మీరెవరైనా ఆలోచించారా?

మూడోది, అయిదేళ్ళ గడువు. లెక్క కట్టండి. పెద్దదానికీ చిన్నవాడికీ రెండేళ్ళ తేడా. పెద్దది పుట్టినప్పటి నుంచి చిన్నవాడికి అయిదు నిండేదాకా అంటే ఏడేళ్ళు. రాముడి అరణ్యవాసంలో సరిగ్గా సగం. ఆయన వెంట సీతమ్మా, లక్ష్మణుడూ ఉన్నారు. అడవైనా చూశాడు. మా కోడలు ఏడేళ్ళూ హాలుకీ వంటింటికీ మధ్య వనవాసం చేయాలన్నమాట, తండ్రి మాత్రం అయోధ్యలోనే ఉండి ఆఫీసుకి వెళ్ళొస్తూ, స్నేహితులతో సినిమాలు చూస్తూ ఉంటాడు. "పిల్లల్ని తీసుకెళ్ళకూడదు" అన్న మాట వినడానికి పిల్లలమీద దయలా ఉంటుంది. దానికి జరిమానా కట్టేది తల్లి ఒక్కతే.

నాకా జరిమానా తెలుసు. మా ఇద్దరు పిల్లలు చిన్నప్పుడు నేను చూసిన సినిమాలకి లెక్కలేదు, ఆఖరి రీలు చూసినవి మాత్రం ఒక్క చేతి వేళ్ళకి సరిపోతాయి. హీరో విలన్ని పట్టుకునే వేళకి మావాడు రాగం ఎత్తేవాడు. "పిల్లాణ్ణి బయటికి తీసుకెళ్ళండమ్మా" అని వెనకనుంచి అరుపులు. తీసుకెళ్ళేదాన్ని. పిల్లాడి నాన్నగారు ఇంటికొస్తూ దారిలో కథ చెప్పేవారు. ఆయన చెప్పిన ముగింపులు నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇక మా అబ్బాయి వాదన. "అమ్మా, నేను వెళ్ళింది పిల్లల కోసమే కదా!"

కాదు నాయనా, నువ్వు వెళ్ళింది నీ కోసం. తప్పు లేదు. ముప్ఫై మూడేళ్ళవాడికి సరదా ఉండకూడదని ఎవరన్నారు? ఆ మాటే అని వెళ్ళు. సరదా నీది, పేరు పిల్లలది, చంక పెళ్ళానిది అంటేనే ఒప్పుకోను.

ఇలాంటి పార్కులకి తాతలాంటిది అమెరికాలో ఉంది. 1955 జులై 17న తెరిచిన డిస్నీలాండు. దాన్ని కట్టిన వాల్ట్ డిస్నీకి ఆ ఆలోచన ఎక్కడ వచ్చిందో ఆయనే తరచూ చెప్పుకునేవాడు. లాస్ ఏంజిలిస్‌లో ఒక పార్కుకి తన ఇద్దరాడపిల్లల్ని తీసుకెళ్ళేవాడుట. వాళ్ళు రంగులరాట్నం తిరుగుతుంటే తను బెంచీమీద ఊరికే కూర్చునేవాడుట. పిల్లలూ పెద్దలూ కలిసి సరదా పడే చోటు ఒకటి ఉంటే బావుండునే అనిపించిందిట. గమనించారా? బెంచీమీద కూర్చున్నది తండ్రి! మగాడు కొన్నాళ్ళు బెంచీమీద విసుగు పడేసరికి ప్రపంచానికి డిస్నీలాండు వచ్చింది. మన ఆడవాళ్ళు తరతరాలుగా బెంచీల మీద కూర్చుంటున్నారు, ఏం వచ్చింది? నడుంనొప్పులు వచ్చాయి.

ఆ డిస్నీలాండు కూడా మొదటిరోజు అందంగా ఏమీ నడవలేదు. ఎండ మండిపోయింది. ప్లంబర్ల సమ్మె మూలంగా తాగే నీళ్ళ కుళాయిలు చాల్లేదు. కొత్తగా పోసిన తారులో ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి. తరవాత దిద్దుకున్నారు. మూడేళ్ళ లోపు పిల్లలకి టిక్కెట్టు లేకుండా చేశారు. తల్లులు పాలివ్వడానికీ, బట్టలు మార్చడానికీ, సీసా వేడిచేసుకోవడానికీ ఒక ఇల్లే పెట్టారు. అన్నిటికన్నా నాకు నచ్చింది మార్పిడి పద్ధతి. అమ్మా నాన్నా పసివాడితో క్యూ దగ్గరికి వస్తారు. ఒకరు బిడ్డతో బయట ఉంటారు, ఒకరు ఎక్కివస్తారు. వచ్చాక బిడ్డ చేతులు మారుతుంది. రెండోవారు మళ్ళీ ఆ పొడుగు క్యూలో మొదటినుంచీ నిలబడక్కర్లేకుండా ఎక్కేస్తారు. అంతే! ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు. బెంచీమీద కూర్చున్న మనిషిని కూడా మనిషిగా లెక్కపెడితే చాలు.

మన రాష్ట్రంలో ఇలాంటి వ్యాపారం చేసేవాళ్ళందరినీ నేను అడిగేది ఇదే. ఎత్తు కర్ర పెట్టారు, సంతోషం. దాని పక్కనే మార్పిడి చీటీ కూడా పెట్టండి. పాలిచ్చే గది ఎక్కడుందో గేటు దగ్గరే పెద్దక్షరాలతో రాయండి. పసివాళ్ళు పడుకోవడానికి నీడలో నాలుగు ఉయ్యాలలు కట్టండి. రోజంతా బిడ్డని మోసి ఏ రైడూ ఎక్కని మనిషికి పూర్తి టిక్కెట్టు వెయ్యడం న్యాయమేనా అని మీ లెక్కల గుమాస్తానొకసారి అడగండి. నుమాయిష్‌లో ఆడవాళ్ళకని ఏటా ఒక రోజు కేటాయించడం పాత ఆనవాయితీ. పాతవాళ్ళకి తట్టిన ఆలోచన కొత్తవాళ్ళకి తట్టదా?

ఇంతవరకూ పిన్నిగారినీ, కొడుకునీ, పార్కులనీ దులిపేశాను. ఒక్కరు మిగిలారు. ఆ ఒక్కరినీ వదిలేస్తే మీరు నన్ను క్షమించకూడదు.

"ఒక్క రౌండు వేసొస్తా" అని మా అబ్బాయి అన్నప్పుడు, కోడలు నోరు తెరవకముందే జవాబు చెప్పింది ఎవరనుకున్నారు? నేనే. "వెళ్ళిరా నాన్నా, వీళ్ళని మేం చూసుకుంటాంలే" అన్నాను. ఆ 'మేం' అనడానికి నాకు అధికారం ఎవరిచ్చారు? నా మోకాళ్ళకి చిన్నవాణ్ణి పది నిమిషాలు మొయ్యడమే గగనం. 'మేం' అని నేనన్నా, మోసేది ఆవిడే. అప్పుడు మా కోడలు నావంక ఒక్కసారి చూసింది. కోపంగా కాదు, అలవాటుగా చూసింది. ఆ అలవాటే నన్ను పొడిచింది. ముప్ఫై ఏళ్ళ కిందట, సినిమా హాలు గుమ్మంలో బిడ్డని ఊపుతూ, లోపల చప్పట్లు వింటూ, నేనూ అలాగే చూసి ఉంటాను. మా అత్తగారు కూడా "మేం చూసుకుంటాంలే" అనే మనిషే.

కనక అత్తలారా, మన పని మనమూ చెయ్యాలి. కొడుకు "ఒక్క రౌండు" అన్నప్పుడు మనం చెయ్యాల్సింది నోరు మూసుకోవడం. అది కష్టమే, నాకు తెలుసు. మూసుకుంటే ఆ మాట తిన్నగా భార్య దగ్గరికి వెళుతుంది. "ముందు నేను ఎక్కుతాను, తరవాత మీరు" అనే సందు ఆ అమ్మాయికి దొరుకుతుంది.

మాటలు చెప్పి ఊరుకోలేదు లెండి. తరవాత ఆదివారం మా కోడలూ, కాలనీలో ఆవిడలాంటి తల్లులు ముగ్గురూ కలిసి అదే పార్కుకి వెళ్ళారు. పిల్లలు లేకుండా, సంచులు లేకుండా. పిన్నిగారు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. మా అబ్బాయి పిల్లలిద్దర్నీ తీసుకుని శామీర్‌పేట బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. వెళ్ళేముందే షరతు పెట్టాను: "నేను చెట్టుకింద కూర్చుంటాను. కథలు చెబుతాను. ఎవర్నీ ఎత్తుకోను."

జింకల్ని చూసి పెద్దది గంతులేసింది. చిన్నవాడికి జింకలకంటె కింద రాలిన ఎండాకులు నచ్చాయి. పరుగెత్తడానికి చోటుంది, పట్టుకోవడానికి కర్ర లేదు, కట్టి కూర్చోబెట్టే సీటు లేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకోవచ్చు. పిల్లల సరదాకి ఆ మాత్రం చాలని నేను అప్పుడే అన్నాను, ఎవరూ వినలేదు. చెరువు గట్టుకి మాత్రం పసివాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి, ఒక్క క్షణం ఏమరకూడదు. ఆ చెయ్యి ఆ రోజు వాళ్ళ నాన్నది.

రోడ్డు పక్కన మక్కకంకులు కాల్చే ఆవిడ మా అబ్బాయిని ఎగాదిగా చూసింది. ఒక చంకలో వాడు, భుజానికి సంచీ, ఇంకో చేత్తో పిల్ల. "అయ్యో సారూ, అమ్మ రాలేదా? ఇద్దరు పిల్లల్ని ఒక్కరే ఎట్ల పట్టుకుంటున్నరు, పాపం!" అని, ఏరి మంచి కంకి ఇచ్చింది. మావాడు కరిగిపోయాడు. నాకు మాత్రం ఆ బెంచీల మీది పదమూడుగురూ గుర్తొచ్చారు. రోజంతా అలా కూర్చున్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "పాపం" అన్న పాపాన పోలేదు. చివరికి వాళ్ళకి వాళ్ళే అనుకోలేదు.

రాత్రి మా కోడలు జుట్టు రేగిపోయి, కళ్ళు మెరుస్తూ వచ్చింది. "అత్తమ్మా, భలే ఉంది! మీరూ ఎక్కాల్సింది" అంది. పిల్లలు ఉరికి వచ్చి కాళ్ళకి చుట్టుకున్నారు. ఇద్దర్నీ ఎత్తుకుని గిర్రున తిప్పింది. అంత సంతోషంగా ఆవిడ పిల్లల్ని ఎత్తుకోవడం నేను చూసి చాలా రోజులయింది.

పిన్నిగారు నాతో ఇంకా మాట్లాడటం లేదు. మా అబ్బాయి మాత్రం ఆ రాత్రి ఎనిమిదింటికే పక్క ఎక్కేశాడు. నడుంనొప్పిట.